ఆషాఢంలో పంపని పెళ్ళికూతురు

మా మనవరాలు కుట్టిన పెళ్ళికూతురు బొమ్మను ఎదురింటివాళ్ళు వీధి మధ్యలో వేపమండలు పేర్చి కాల్చేశారు. అది బొమ్మ కాదు, చిల్లంగి అన్నారు, చేతబడి అన్నారు. అది బొమ్మేనని ఆ ఇంటి పెద్దకు తెలుసు. తెలిసి, చేతులు కట్టుకుని నిలబడి, నోరు విప్పలేదు. ఆ పెద్దమనిషి నా నేస్తం.

పోనీలే, పెద్దవాళ్ళయ్యారు, మరిచిపోండి అని నాకు చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. చెప్పినవాళ్ళెవరో, ఏ అరుగు మీద కూర్చుని చెప్పారో అది కూడా నేను మరిచిపోలేదు.

మిగతా జిల్లాలవాళ్ళకు నేస్తమంటే స్నేహితుడు. పాతపట్నం దాటి ఒరిస్సా హద్దు వైపు పోయే మా ఊళ్ళల్లో నేస్తమంటే కట్టుకునేది, పెళ్ళి కట్టుకున్నట్టు. అమ్మవారి ముందు ఇద్దరు పిల్లలను నిలబెట్టి, ఒకరి మెడలో ఒకరిచేత దండలు వేయించి, ఒకే విస్తరిలో తినిపిస్తారు. కులం చూడరు. వాళ్ళది దుకాణం ఇల్లు, మాది నాగలి ఇల్లు, అయినా కట్టారు. ఆ రోజునుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు. బతికున్నన్నాళ్ళూ ‘నేస్తం’ అనే పిలవాలి. పేరు పెట్టి పిలిచారంటే నేస్తరికం తెంపుకున్నట్టే. హద్దు అవతల ఒరియావాళ్ళకూ ఇలాంటిదే ఉంది, వాళ్ళు సంగాతం అంటారు.

మాకు పాలపళ్ళు ఊడే వయసులో కట్టారు. అప్పటినుంచి అతని పేరు నా నోట రాలేదు. ఓట్ల జాబితా పట్టుకుని వచ్చినవాళ్ళు అడిగినా ‘ఎదురింటాయన’ అనేవాణ్ణి. నేను బడికి పోలేదు. అతని తండ్రి దుకాణంలో బెల్లం పొట్లాలు కట్టే పాత పేపరు ముక్కలు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నాను. ఆ ముక్కలు చొక్కాలో దాచి తెచ్చి ఇచ్చింది అతనే. ఆ మాట నేను దాచను. దాని పక్కనే ఇంకోటి కూడా రాస్తాను. నేను కట్టుకున్న ముంజికాయల బండి ఇరుసు విరగ్గొట్టి, “గేదె తొక్కీసినాది నేస్తం” అని చెప్పిందీ అతనే. ఆ పూట గేదె చెరువులో ఉంది. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. బండికి ఊరుకున్నాను. బొమ్మకు ఊరుకునేది లేదు.

బొమ్మ కథ వేసవి సెలవుల్లో మొదలయింది. మా మనవరాలిదీ నేస్తం మనవరాలిదీ ఒకటే తరగతి, ఒకటోది. ఎండ దిగేదాకా పిల్లలను వీధిలోకి వదలం కనుక ఇద్దరూ మా అరుగు మీదే. వాళ్ళ చేతులకు పని కల్పించడం నా పని. తాటాకు చీల్చి చిలకలు అల్లాం. కొబ్బరాకు చుట్టి బూర చేశాం, అది ఊదితే పక్క వీధిలో కుక్కలు లేచేవి. ముంజెలు తిన్నాక మిగిలిన బుర్రలకు కర్ర గుచ్చి బండి కట్టాం. మా కోడలు ఫోనులో చూపించిన కాగితం పువ్వులు కూడా చేశాం. అవి రెండు రోజులకే ముడుచుకుపోయాయి. తాటాకు చిలకలు ఇప్పటికీ దూలానికి వేలాడుతున్నాయి, కావాలంటే వచ్చి చూసుకోవచ్చు.

చేతిపని నేర్పించేటప్పుడు నాకొక పట్టుదల ఉంది. పిల్ల చేతిలో పని నేను లాక్కోను. వంకరగా వస్తే వంకరే ఉండనిస్తాను. మా మనవరాలు అల్లిన మొదటి చిలకకు తోక ముక్కు దగ్గర వచ్చింది. “ఇది ఎనక్కి ఎగురుతాది తాతా” అంది. ఎగరనీ అన్నాను.

అవన్నీ అయ్యాక ఇద్దరూ బొమ్మల పెళ్ళి చేస్తామన్నారు. పెళ్ళికూతురు మాది, పెళ్ళికొడుకు వాళ్ళది. నా పాత పంచె చింపి, బూరుగుదూది కూరి, మెడ దగ్గర దారం బిగించాం. నా కళ్ళకు సూది బెజ్జం కనపడదు, దారం పిల్లే ఎక్కించుకుంది. చేతులకు పేలికలు చుట్టి కుట్టింది. ముక్కు కోసం చిటికెడు గుడ్డ పట్టి లాగి కుట్టు వేస్తుంటే వేలికి సూది దిగింది. వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి, మళ్ళీ అదే ముక్కు పట్టుకుంది. తరువాత జుట్టు కావాలంది. మా ముసల్ది దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను చుట్ట చుట్టి చూరులో దాస్తుంది, జుట్టుకు స్టీలు గిన్నెలిచ్చేవాడు వస్తాడని. అందులో ఒక చుట్ట మనవరాలికి ఇచ్చింది. సగం నలుపు, సగం తెలుపు.

“పెళ్ళికూతురికి తల నెరిసిపోనాదేటే?” అంది మా ముసల్ది.

“సంబందాలు కుదరక లేటైపోనాది మామ్మా” అంది పిల్ల, తలెత్తకుండా.

కాటుకతో కళ్ళు దిద్దింది. కుంకుమ బొట్టు పెట్టింది. పెళ్ళికూతురికి నలుగు పెట్టాలి కదా అని ఒళ్ళంతా పసుపు రాసింది. చీర జారిపోతుంటే గుండుసూదులు గుచ్చింది. మెడలో పసుపుకొమ్ము కట్టిన దారం. ఇవన్నీ గుర్తు పెట్టుకోండి. ఏ ఇంట్లో ఏ పెళ్ళికూతురికైనా ఉండేవే, గుండుసూదులతో సహా.

పెళ్ళికొడుకును వాళ్ళ పిల్ల చేసింది. గింజలు ఒలిచేసిన మొక్కజొన్న కండె, దానికి చేతిరుమాలు పంచె, బొగ్గుతో మీసం. మీసం ఒకపక్క చెంపదాకా పోయింది.

పెళ్ళికి నేస్తం దుకాణం మూసి మరీ వచ్చాడు, మగపెళ్ళివారి పెద్దగా. కండెను భుజాన వేసుకుని మా అరుగు ఎక్కాడు.

“మావోడికి మర్యాదలేటి సేస్తారు?” అన్నాడు.

“మీవోడికి ఒంటిమీద గింజ నేదు, మర్యాదొకటా” అన్నాను.

“గింజలన్నీ మీ పిల్లకే పెట్టీసినాడు నేస్తం. సేతికి ఎముక నేనోడు.”

పిల్లలు పగలబడి నవ్వారు. అటుకులూ బెల్లమూ కలిపి ఆకుల్లో పెట్టారు. నేస్తం తిని, మళ్ళీ అడిగి వేయించుకుని తిన్నాడు. అప్పగింతల్లో మా మనవరాలు బొమ్మ చెవిలో ఏదో చెప్పి, ఎదురింటి పిల్ల చేతిలో పెట్టింది. ఏం చెప్పావంటే నాకు చెప్పలేదు. నేస్తం నా చేతులు పట్టుకుని, “మీ పిల్లని మా పిల్లలాగ సూసుకుంటాం” అన్నాడు. అందరూ విన్నారు. అతను అన్న మాట అదే.

కొత్తకోడలు గడప దాటగానే బియ్యంలో చెయ్యి పెట్టించడం మా వైపు ఆనవాయితీ, ఇల్లు నిండుగా ఉంటుందని. నేస్తం మనవరాలు ఆ ముచ్చట ఎక్కడో చూసింది. చెయ్యి ఒక్కటే ఏం సరిపోతుందనుకుందో, కోడల్ని మొత్తంగా బియ్యం డ్రమ్ములో పడుకోబెట్టి, పైన బియ్యం కప్పి, మూత పెట్టింది. సాయంత్రానికి ఆ పిల్లకు ఒళ్ళు కాలింది. ముంజెలు అన్నేసి తింటే కాలదా. కోడలి సంగతి ఎవరికీ చెప్పకుండానే పడుకుండిపోయింది.

పొద్దున నేస్తం కోడలు ఎసరు పెట్టి, డ్రమ్ములో సోల ముంచింది. బియ్యంలోంచి నెరిసిన జుట్టు పైకి వచ్చింది. జుట్టు కింద పసుపు పూసిన ముఖం, కుంకుమ, ఒంటినిండా సూదులు. పక్క గదిలో పిల్ల జ్వరంతో మూలుగుతోంది. ఆవిడ కేకకు వీధంతా లేచింది.

చిల్లంగి అనే మాట మా వైపు వేళాకోళానికి కూడా అనరు. ఫలానా ఇంట్లో చిల్లంగి చేస్తున్నారని పుకారు పుడితే ఆ ఇంటికి నిప్పు అడిగేవాడు ఉండడు, నీళ్ళు ఇచ్చేవాడు ఉండడు. ఆ మాట పడినవాళ్ళకు పళ్ళు రాలగొట్టి ఊరు దాటించిన సంగతులు మా చిన్నప్పుడు పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్పేవాళ్ళు. ఇప్పుడు పళ్ళు రాలగొట్టరు. వాళ్ళ పిల్లలతో తమ పిల్లలను ఆడుకోనివ్వరు, అంతే.

మధ్యాహ్నానికి హద్దు అవతలనుంచి చిల్లంగి దింపే గురువును మోటారు సైకిలు మీద తెచ్చారు. అతను నిమ్మకాయ కోశాడు, డ్రమ్ము చుట్టూ తిరిగాడు, ఈ జుట్టు ఎవరిదో ఆ ఇల్లు దగ్గరలోనే ఉందన్నాడు. తల నెరిసిన ఆడవాళ్ళు మా వీధిలో ఇంటికొకరు ఉన్నారు. కానీ ఎదురుగా ఉన్నది మా ఇల్లు. అందరి ముఖాలూ ఇటు తిరిగాయి.

మా మనవరాలు మెట్టు దిగి, “అది మన పెళ్ళికూతురు తాతా” అంది, గట్టిగానే.

నేను నేస్తం వైపు చూశాను. అతను ఒక్క మాట అంటే సరిపోయేది. ‘నిన్న నా కళ్ళముందు పెళ్ళయిన బొమ్మర్రా ఇది’ అని ఉంటే అందరూ నవ్వుకుని ఇళ్ళకు పోయేవాళ్ళు, ఆ గురువు కూడా నవ్వేవాడేమో. నేస్తం తన కాళ్ళవైపు చూసుకున్నాడు. నేను చెప్పాను. మీద పడిన నింద తుడుచుకునేవాడి మాట ఎవరు వింటారు? జ్వరం పిల్లనే అడగండి, బియ్యంలో ఎవరు పెట్టారో అదే చెబుతుంది అన్నాను.

“ఆ గుంటని ఇంకా ఒగ్గీవేటి మావా” అంది నేస్తం కోడలు, జ్వరం పిల్లను ఇంకా వదలవా అని ఏడుస్తూ.

ఆవిడను నేను పెద్దగా తప్పు పట్టను, కొంచెం పడతాను. తల్లి భయం తల్లిది. కానీ బొమ్మల పెళ్ళిలో అటుకులు తిన్న మనిషికి ఏం భయం?

బూరుగుదూది గబుక్కున అంటుకుంది. వెంట్రుకలు కాలిన వాసన వీధంతా కొట్టింది. మా మనవరాలు నా పంచె పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. అంతా అయ్యాక ఒక్క ముక్క అడిగింది. “నాను సేసినానని కాల్సీసినారా?”

ఎదురింటి పిల్ల జ్వరం మర్నాటికి తగ్గింది. ఆర్‌ఎంపీ డాక్టరు ఇచ్చిన బిళ్ళలు కూడా వేశారు. పేరు మాత్రం బిళ్ళలకు రాలేదు, మంటకు వచ్చింది. కాల్చారు, తగ్గింది, కాబట్టి అది చిల్లంగే. దీనికి ఎదురు వాదించేవాడు ఎవడున్నాడు?

మా అరుగు ఖాళీ అయింది. అదివరకు చెప్పులు పెట్టడానికి చోటు లేనంతమంది పిల్లలు ఉండేవాళ్ళు. తల్లులు ఎవరూ నా ముఖం మీద ఏమీ అనలేదు. “ఎండలు తాతా, పిల్లల్ని బయటికి ఒగ్గడం నేదు” అనేవాళ్ళు. ఎండలు మా అరుగు మీద మాత్రమే కాశాయి. అదీ నేను భరించగలను. మా మనవరాలి చేతులే నేను భరించలేకపోయాను. దారం ముట్టుకోదు. తాటాకు ముట్టుకోదు. పొరపాటున సూది తగిలితే తొట్టి దగ్గరికి పోయి చేతులు కడుక్కుని వస్తుంది. బడి తెరిచాక టీచరమ్మ ఫోను చేసింది, పిల్లలందరికీ మట్టి ఇచ్చి బొమ్మ చేయమంటే ఈ పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుందట. “ఏటైనాది తాతగారూ” అని అడిగింది.

అప్పుడు నాకు కావలసింది ఏమిటో తేలిపోయింది. ఎక్కడ కాల్చారో అక్కడే, అదే వీధి మధ్యలో, అందరూ ఉండగా, అది బొమ్మ అని నేస్తం నోట రావాలి. ఆ పిల్ల వినాలి. అంతకు తక్కువ దేనికీ నేను లొంగేది లేదు.

తక్కువదే వచ్చింది ముందు. ఒకరోజు నేస్తం మా పెరటి తలుపు కొట్టాడు. ఇన్నేళ్ళలో వీధి గుమ్మంలోంచి తప్ప రానివాడు, పెరటి తలుపు. చేతిలో పర్లాకిమిడి నుంచి తెచ్చిన ప్లాస్టిక్ బొమ్మ, అట్టపెట్టెలో.

“పిల్లకి తెచ్చినాను నేస్తం. పడుకోబెడితే కళ్ళు మూస్తాది.”

“నిలబెడితే నిజం సెప్తాదా?”

“పోనీలే నేస్తం. పిల్లకి జొరం, ఇంట్లో ఏడుపులు, నానేటి సెయ్యను.”

“ఈధిలోకి రా. అక్కడ సెప్పు ఆ ముక్క.”

“ఈధిలో ఎందుకేటి. కోడలు తలెత్తుకోనేదు.”

“నా మనవరాలు ఎత్తుకుంటన్నాదా? తీసుకుపో దీన్ని. మా పిల్లని బూడిద సేసి, సవితిని తెస్తావేటి?”

పెట్టె చంకలో పెట్టుకుని మామిడి చెట్టు చాటునుంచి పోయాడు. ఆ పోవడం చూస్తే నాకు గేదె గుర్తొచ్చింది.

ఆషాఢం వచ్చింది. కొత్తకోడలు ఆ నెల అత్తవారింట ఉండకూడదు, పుట్టింటికి పంపాలి. ఇది నేను పెట్టిన ఆచారం కాదు. మొదటి రోజు పొద్దున్నే అరుగు మీద కూర్చుని, దుకాణం ముందు జనం చేరేదాకా ఆగి, ఎదురింటి వైపు గొంతెత్తి అడిగాను.

“ఏం నేస్తం, ఆషాఢం వచ్చినాది. మా పిల్లని పంపరేటి?”

తక్కెడ ఆగింది. మర్నాడు మళ్ళీ అడిగాను. ఆ మర్నాడు మళ్ళీ. వాన పడుతున్నా గొడుగు వేసుకుని అడిగాను. దుకాణానికి వచ్చిన ఆటో కుర్రవాడు ఒకడు సంగతి తెలియక నన్ను పలకరించాడు.

“ఎవరి పిల్ల తాతా?”

“మా పిల్లే. సెలవుల్లో పెళ్ళి సేసినాం. ఆషాఢానికి పంపనేదు.”

“అత్త సెడ్డదేటి?”

“అత్త మంచిదే. మావగారికే నోరు నేదు.”

వాడు వెనక్కి తిరిగి నేస్తాన్ని చూశాడు. నేస్తం వాడికి కందిపప్పు బదులు సెనగపప్పు కట్టి ఇచ్చాడు.

అడగడం ఒక్కటే చాలదనిపించింది. పిల్లను పంపకపోతే పుట్టింటివాళ్ళు ఏం చేస్తారు? పెద్దమనుషుల్ని పంపుతారు. నేనూ పంపాను. ఎండిన మామిడి టెంకకు పీచు దువ్వితే తెల్లగడ్డం వస్తుంది. కళ్ళు గీస్తే పెళ్ళికూతురి తాత తయారు. కొబ్బరికాయకు కళ్ళూ నోరూ దేవుడే పెట్టాడు. దానికి పాత రవిక గుడ్డ కొంగులా కప్పితే నోరెళ్ళబెట్టిన మేనత్త. తాటి టెంకతో మేనమామను చేసి, చేతిలో కందికర్ర పెట్టాను. ఎండు మొక్కజొన్న పొత్తుల మీది పొరలు ముడిస్తే పిన్నమ్మలు ఎందరైనా అవుతారు. వాళ్ళందరినీ మా అరుగు అంచున వరసగా, ఎదురింటి గుమ్మం వైపు ముఖాలు తిప్పి కూర్చోబెట్టాను. రోజుకొకరు చొప్పున బలగం పెరిగింది.

నేస్తం కోడలు గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. గడప ముందు బూడిదతో గీత గీసింది. తరువాత వీధి తలుపు తెరవడమే మానేసి పెరటినుంచి తిరగడం మొదలుపెట్టింది. దుకాణంలో కూర్చున్న నేస్తానికి మాత్రం వేరే దారి లేదు. తల ఎత్తితే మేనమామ. నేను సంతోషించాను. రాయడానికి నాకు సిగ్గు లేదు.

పిల్లలు తిరిగి వచ్చింది ఆ బలగాన్ని చూసే. ముందు దూరంగా నిలబడి నవ్వారు. తరువాత ఒకడు, “తాతా, పెళ్ళికూతురికి అన్న నేడేటి? నాను సేస్తాను” అన్నాడు. తల్లి వచ్చి చెయ్యి పట్టి లాక్కుపోయింది. మర్నాడు వాడితో పాటు ఇంకొందరు వచ్చారు. ఎన్నిసార్లని లాక్కుపోతారు? చివరికి ఆ తల్లులే అరుగు ముందు నిలబడడం మొదలుపెట్టారు.

“ఓలమ్మ, ఈ మేనత్త అచ్చం మా ఆడబిడ్డనాగున్నాది.”

“మూతి సూడు, పలారం తక్కువెట్టినారని అలిగినట్టు.”

ఎవరో ఫోటో తీసి వీధివాళ్ళ వాట్సాప్ గుంపులో పెట్టారు. చిల్లంగి చేసే ఇంటి ముందు నిలబడి ఎవరూ ఫోటోలు తీసుకోరు. అంతవరకు నేను గెలిచినట్టే. కానీ మా మనవరాలు గుమ్మం దాటి రాలేదు. ద్వారబంధానికి ఆనుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని చూసేది. పిల్లలు పిలిస్తే తల అడ్డంగా ఊపేది.

ఒక సాయంత్రం గాలికి మేనమామ పడ్డాడు.

“తాతా, మావ సెయ్యి ఊడిపోనాది” అంది గుమ్మంలోంచి.

“వచ్చి కట్టమ్మా.”

“వద్దు.”

“ఎందుకేటి?”

“నాను ముడితే ఈళ్ళనీ కాల్సీస్తారు.”

అప్పటిదాకా నాలో ఎక్కడో కాస్త వేళాకోళం ఉండేది. ఆ మాటతో పోయింది. దుకాణం ముందు నవ్వులు పుట్టించి నేను సాధించిందేమీ లేదు. నేస్తం నోరు ఇంకా మూసే ఉంది. నా దగ్గర మిగిలింది ఒకటే. ఇన్నేళ్ళు నోట్లోనే ఉంచుకున్నది.

ఆషాఢం చివరి రోజు, అమావాస్య. సాయంత్రం దుకాణం ముందు జనం నిండుగా ఉన్నారు. అరుగు దిగి, బొమ్మను కాల్చినచోట నిలబడ్డాను. మట్టి అక్కడ ఇంకా నల్లగానే ఉంది. నిలబడి, నా నేస్తాన్ని పేరు పెట్టి పిలిచాను. ఇంటి పేరుతో సహా పిలిచాను. ఆ పేరు ఇక్కడ రాయను. ఒక్కసారికే నా నాలుక చేదెక్కింది.

కుర్రవాళ్ళకు అర్థం కాలేదు కానీ పెద్దవాళ్ళకు అర్థమైంది. మా ముసల్ది గుమ్మంలో చెంపలు వేసుకుంది. “ఏటి పని సేసినావయ్యా. నేస్తరికం తెంపీసినావేటి?”

“ఆడు ఎప్పుడో తెంపీసినాడు. నాను బయటికి సెప్పినాను, అంతే” అన్నాను.

దుకాణంలో నేస్తం చేతిలో బెల్లం ముక్క ఉంది. దాన్ని కింద పెట్టాడు. లేచి లోపలికి పోయాడు. పారిపోయాడనుకున్నాను, తలుపు వేసుకుంటాడనుకున్నాను. జనం కూడా అదే అనుకుని గుసగుసలాడుకున్నారు. నేను కదలలేదు. ఎంతసేపు ఉన్నానో తెలియదు, కాళ్ళు లాగుతున్నాయి.

ఎదురింటి వీధి తలుపు తెరుచుకుంది. నేస్తం తలమీద మేదర బుట్ట. పక్కన మనవరాలు అతని వేలు పట్టుకుని ఉంది. వెనకాల కోడలు గుమ్మంలోనే ఆగిపోయి, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ గీసిన బూడిద గీతను నేస్తం తొక్కుకుంటూ దాటాడు. బుట్టలో సారె పెట్టుకొచ్చాడు, బియ్యం, పసుపు, అటుకులు, బెల్లం. వాటి మీద మొక్కజొన్న కండె పెళ్ళికొడుకు. ఎలుకలు ఒక చెవి వైపు కొరికాయి. మీసం మళ్ళీ కొత్తగా దిద్దారు, ఒకపక్క ఇప్పటికీ ఎక్కువే.

నన్ను చూడలేదు. నన్ను దాటి మా మెట్లదాకా పోయి, గుమ్మంలో ఉన్న మా మనవరాలి ముందు బుట్ట దించి, గొంతుక్కూర్చున్నాడు. అక్కడ మెల్లగా ఏదో చెబుతాడనుకుని, “ఈధిలో” అన్నాను. లేచాడు. బుట్ట ఎత్తుకుని, మా మనవరాలిని రమ్మని సైగ చేసి, నల్లమట్టి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పిల్ల వచ్చింది, చేతులు వెనక్కి పెట్టుకునే.

అతన్ని నేను క్షమించానని ఎవరైనా చెబితే నమ్మకండి. మేనమామను ఇంకా అరుగు మీదనుంచి దించలేదు. కానీ అడిగినదానికి జవాబు వచ్చింది. అతని గొంతు వీధి చివరదాకా వినిపించింది. రేపు కాదనడానికి వీల్లేకుండా, ఒక్క ముక్క వదలకుండా ఇక్కడ రాస్తున్నాను.

“ఇనండర్రా అందరూ. అది సిల్లంగి కాదు, బొమ్మ. ఈ గుంట కుట్టిన పెళ్ళికూతురు. ఆ పెళ్ళిలో అటుకులు తిన్నోణ్ణి, మళ్ళీ అడిగి తిన్నోణ్ణి, నాకు తెల్దేటి? తెల్సే నోరు మూసుకున్నాను. తప్పు నాది, మా కోడలిది కాదు. నెలంతా పిల్లని పంపమని అడుగుతన్నాడు ఈడు. బూడిదని ఎలాగ పంపుతాను? అందుకే మావోణ్ణి తెచ్చినాను, ఇల్లరికం ఉంచుకోండి. సెయ్యి సాపమ్మా. ఎవులూ కాల్సరు, నాను నిలబడతాను. పట్టుకో. ఆఁ, అలాగ. ఈడికి పెళ్ళాన్ని మళ్ళీ నువ్వే కుట్టాల, ఈపాలి జుట్టు నల్లదెట్టు. నువ్వు కుట్టినన్నాళ్ళూ మీ అరుగు మీదే కూకుంటాడు, ఆ కర్ర మేనమావ పక్కన. ఇంక నువ్వు. ఆ బండి ఇరుసు ఇరిసింది నానే, గేదె కాదు. అదీ ఇనేసినావు కదా, సాలా? ఇంకోపాలి నన్ను పేరెట్టి పిల్సినావంటే నాను ఊరుకోను. నీ పేరు నాకూ గుర్తున్నాది, నేస్తం.”